కుంఫిణీ కొలువు: ఇంజరం నేతగాళ్ళ అనుభవం

ముక్తేశ్వరం రేవులో నిలబడి చూస్తే ఎదుట కోటిపల్లి, రెండు వొడ్ల నడుమ గౌతమి. ఈ రేవు దాటి కాకినాడకూ, అక్కడినుంచి దూరదేశాలకూ ఉద్యోగాలకోసం పోయే కుర్రవాళ్ళను ఏళ్ళ తరబడి చూస్తున్నాను. వారిలో ఒకడు, నా దగ్గర చదువుకున్నవాడే, పంటుకోసం ఎదురుచూస్తూ ఒకనాడు నన్ను అడిగాడు: “మాస్టారూ, పెద్ద కంపెనీలో చేరడం మంచిదంటారా, చెడ్డదంటారా?” అతని చేతిలో నియామకపు కాగితం వుంది. రెండు సంవత్సరాలు నిండకుండా మానేస్తే కంపెనీకి ఇంత సొమ్ము కట్టాలని అందులో ఒక షరతు. అసలు సర్టిఫికెట్లు అంతవరకూ వారివద్దనే వుంటాయట.

పంటు వచ్చింది, అతను వెళ్ళిపోయాడు. జవాబు నా దగ్గరే వుండిపోయింది. తర్వాత ఆలోచిస్తే, ఆ ప్రశ్న మన లంకలకు కొత్తది కాదనిపించింది. అతను నిలబడ్డ చోటినుంచి గౌతమి పాయవెంట సముద్రంవైపు పోతే యానాం వస్తుంది. యానానికి ఆనుకున్నంత దగ్గరలో నీలపల్లి, ఇంజరం వున్నాయి. ఈ ప్రాంతపు పనివాడు “కంపెనీ” అనే మాటను మొదట విన్నది అక్కడే. అప్పుడు మనవాళ్ళు ఆ మాటను “కుంఫిణీ” అని పలికారు. “కాపిటల్” గ్రంథంలో మార్క్సు ఉదహరించిన నేతగాళ్ళ ఎముకల ముచ్చట మన ఉపన్యాసకులందరికీ కంఠతా వచ్చును. ఇంజరం పేరు విన్నవారు మాత్రం తక్కువ. బస్సులో గంటన్నర ప్రయాణం చేస్తే చేరగల చరిత్రను మనం ఇంగ్లీషు పుస్తకాలలో వెతుక్కుంటున్నాం.

ఈస్టిండియా కంపెనీ మచిలీపట్నంలో వర్తకస్థానం పెట్టినది 1611లో. తర్వాత నర్సాపురం పక్క మాధవాయపాలెంలోనూ, 1708లో ఇంజరంలోనూ, 18వ శతాబ్దపు నడిమి కాలంలో వైనతేయ ముఖద్వారం వద్ద బెండమూర్లంకలోనూ కాలు మోపింది. వీటిని వారు “ఫ్యాక్టరీ”లు అన్నారు. ఆ మాట వినగానే యంత్రాలనూ పొగగొట్టాలనూ వూహించుకోరాదు. అవి గిడ్డంగులు, లెక్కలగదులు, కొందరు దొరల నివాసాలు. యంత్రం ఎక్కడ వున్నదంటే వూళ్ళలో, నేతగాడి ఇంటి గుంటమగ్గంలో వుంది. కంపెనీకి ఇక్కడ ఒక్క మగ్గం కూడా సొంతం కాదు. అయినా ఒక శతాబ్దంపాటు వేలాది మగ్గాలు దాని ఆజ్ఞకు లోబడి ఆడాయి. ఈ వైచిత్రి ఎలా సాధ్యమైనదో తెలుసుకుంటే మా కుర్రవాడి ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది.

ఇక్కడి సరుకు ప్రధానంగా పొడుగు తెల్లగుడ్డ. నాణ్యానికి కొలత పుంజం. పడుగులో 120 పోగులు ఒక పుంజం. పుంజాలు పెరిగేకొద్దీ గుడ్డ సన్నం, ధర హెచ్చు. ఇంజరం సన్నగుడ్డకు లండనులో పేరుండేది. మాధవాయపాలెం పేరైతే “మదపొల్లం” అనే రూపంలో ఇంగ్లీషు నిఘంటువులోకే ఎక్కి ఒక రకం గుడ్డకు పేరై కూర్చుంది. తమాషా ఏమంటే, తర్వాతి కాలంలో లంకాషైరు మిల్లులు అదే పేరుతో గుడ్డ నేసి ప్రపంచమంతటా అమ్ముకున్నాయి.

పత్తి ఈ గోదావరి మట్టిలో పండినది చాలదు. బీరారు ప్రాంతంనుంచి లంబాడీల ఎద్దులమీద దిగేది. దానిని వొడికి నూలు చేసినవారు వూరూరా వున్న బీద ఆడవాళ్ళు. నూలు సంతలో అమ్ముడయ్యేది. నేతగాడు అక్కడ కొనుక్కునేవాడు. కుంఫిణీ పద్దులలో నేతగాడి పేరు వుంటుంది, గుమాస్తా పేరు వుంటుంది. రాట్నంముందు కూర్చున్న ఆమె పేరు ఏ పద్దులోనూ వుండదు. ఆమెకు బయానా లేదు, ఒప్పందం లేదు, సంత ధరే ఆమెకు చట్టం. కంపెనీ పని మంచిచెడ్డలు ఎంచేటప్పుడు జీతం తీసుకునేవాడిని ఒక్కడినే చూడడం పొరపాటు. అతని వెనక ఎందరి పని అందులో కలిసివుందో కూడా చూడాలి.

ఇక బయానా సంగతి. నేతగాడి దగ్గర పెట్టుబడి లేదు. నూలు కొనాలి, గుడ్డ పూర్తి అయ్యేవరకూ ఇంటిల్లిపాదీ తినాలి. అందుచేత కొనుగోలుదారు ముందుగా సొమ్ము ఇచ్చి, ఇన్ని గుడ్డలు, ఈ పుంజాలతో, ఈ గడువుకు అని మాట తీసుకునేవాడు. ఇది కుంఫిణీ కనిపెట్టిన పద్ధతి కాదు, అంతకుముందునుంచీ వున్నదే. అయితే ఆ పాత పద్ధతిలో నేతగాడికి ఒక హక్కు వుండేది. ధర గిట్టకపోయినా, మరొకడు ఎక్కువ ఇస్తానన్నా, తాను తీసుకున్న బయానా తిరిగి ఇచ్చివేసి విడుదల పొందవచ్చు. ఒప్పందం నచ్చకపోతే సొమ్ము వాపసు చేసి లేచిపోవచ్చునన్నమాట. దక్షిణదేశపు నేతపనివారి చరిత్రను గూర్చి పరిశోధించిన ప్రసన్నన్ పార్థసారథి ప్రభృతులు ఈ హక్కునే నేతగాడి బలానికి ఆయువుపట్టుగా గుర్తించారు. నాకూ అదే సరి అనిపిస్తుంది.

హక్కు కాగితంమీద వుంటే చాలదు, దానిని వాడుకునే వీలు కూడా వుండాలి. 18వ శతాబ్దపు పూర్వార్ధంలో ఆ వీలు మన తీరంలో పుష్కలంగా వుంది. పాలకొల్లులోనూ కాకినాడ జగన్నాథపురంలోనూ డచ్చివారు, యానాంలో ఫ్రెంచివారు, ఇంజరంలో ఇంగ్లీషువారు వుండేవారు. వీరుగాక స్వదేశీ వర్తకులు. ఒకే నదీముఖంలో ఇందరు కొనుగోలుదారులు. ఇంగ్లీషువాడు ధర తగ్గిస్తే గుడ్డ పడవెక్కి యానాం పోతుంది. నేతగాళ్ళకు కులకట్టు వుంది. దేవాంగులకు సేనాపతులనే పెద్దలు వున్నారు. బేరం ఒక్కొక్కడూ విడివిడిగా కాక, కట్టుగా సాగేది. గిట్టనప్పుడు మగ్గాలు దించి వూరు విడిచిపోవడం కూడా ఆ కాలపు ఆయుధాలలో ఒకటి. నేతగాళ్ళు వెళ్ళిపోతే ఆదాయం పోతుందని జమీందారు వారిని బతిమాలి తెచ్చుకోవలసి వచ్చేది.

అలాగని ఆ పూర్వకాలాన్ని స్వర్ణయుగంగా చిత్రించే పని నేను పెట్టుకోను. మన జాతీయవాద చరిత్రకారులు ఆ పని చాలినంత చేశారు. స్వదేశీ షావుకారు అయినా, కులపెద్ద అయినా బీద నేతగాడిని పిండకుండా వదిలిపెట్టలేదు. కుంఫిణీ రాకతో నేతగాడికి కొన్ని లాభాలు కలిగిన మాట కూడా దాచనక్కరలేదు. వెండి వచ్చింది, ఏడాది పొడుగునా పని వచ్చింది, కుంఫిణీ గుడ్డ నేసేవాడిమీద చేయి వేయడానికి జమీందారు మనిషి జంకేవాడు. పెద్ద కంపెనీ నీడలో చిన్న దొరల బాధ తగ్గుతుందనే అనుభవం ఆనాటినుంచి ఈనాటివరకూ నిజమే. మా వూళ్ళో కొబ్బరి వర్తకుడి దగ్గర లెక్కలు రాసే కుర్రవాడూ, పీచు కొట్టే ఆడకూలీ ప్రావిడెంటు ఫండు అనే మాట వినను కూడా వినకపోవచ్చు. “కంపెనీవాడు నయం” అని వాళ్ళు అంటే, అది అజ్ఞానం కాదు.

ఉద్యోగుల సంగతి ఒకటి ఇక్కడే చెప్పాలి. కుంఫిణీలో కొత్తగా చేరిన తెల్ల రైటరుకు మొదటి కాలంలో సాలుకు జీతం అయిదు పౌనులు. ఆ జీతానికి సముద్రాలు దాటి వచ్చి, జ్వరాలతో సగంమంది చచ్చే దేశంలో ఎవడు పనిచేస్తాడు? సొంత వ్యాపారం చేసుకోవచ్చుననే ఆశతో చేస్తాడు. కంపెనీ సొమ్ముతో కంపెనీ గుడ్డా కొనేవారు, దానితోపాటు తమ గుడ్డా కొనేవారు. వారి చుట్టూ దుబాసీలు, గుమాస్తాలు, కరణాలు. ఉత్తర సర్కారులు ఇంగ్లీషువారి వశం కావడంలో మధ్యవర్తిగా మెలిగిన కాండ్రేగుల జోగిపంతులు ఆ కాలపు దుబాసీలలో పేరుమోసినవాడు. చదువుకున్న తెలుగువాడికి పెద్ద కంపెనీ కొలువు ఏమి ఇవ్వగలదో, ప్రతిఫలంగా ఏమి అడుగుతుందో ఆనాడే తేలిపోయింది. అతనికి ఇంటినిండా ధనం ఇస్తుంది. తోటివాడి మెడమీద చేయి వేయమంటుంది.

1757లో బుస్సీ ఇంజరాన్నీ, మాధవాయపాలెంనూ, బెండమూర్లంకనూ పట్టుకున్నాడు. మరుసటి ఏడాది డిసెంబరులో చందుర్తి యుద్ధం, 1759 ఏప్రిలులో మచిలీపట్నం పతనం. తీరంమీద ఫ్రెంచివారి పలుకుబడి అంతటితో సరి. 1765లో ఢిల్లీ పాదుషా ఫర్మానా, 1766లో నిజాముతో సంధి. పాఠ్యపుస్తకాలు ఈ ఘట్టాన్ని రాజుల కథగా చెప్పి వూరుకుంటాయి. ఇంజరం చుట్టుపట్ల నేతగాడికి ఆ యుద్ధాల ఫలితం వేరొకటి: నిన్నటిదాకా నలుగురు వున్న కొనుగోలుదారులలో ఇప్పుడు బలమైనవాడు ఒక్కడే మిగిలాడు. ఆ ఒక్కడే సర్కారు కూడా అయ్యాడు. పూర్వం కుంఫిణీమీద ఫిర్యాదు చేసుకోవడానికి వేరే ప్రభువు వుండేవాడు. ఇకమీద అర్జీ పెట్టుకోవాలంటే కుంఫిణీమీద కుంఫిణీకే పెట్టుకోవాలి.

దీని పర్యవసానం శతాబ్దపు చివరి పాతికేళ్ళలో పూర్తిగా కనిపించింది. దళారీ వర్తకులను పక్కకు తప్పించి, గుమాస్తాలద్వారా కంపెనీ నేరుగా నేతగాడిని పట్టుకుంది. బయానా తీసుకున్నవాడు కంపెనీ గుడ్డ అప్పగించేవరకూ మరెవరికీ నేయరాదు. సొమ్ము తిరిగి ఇచ్చి విడుదల పొందే పాత హక్కు నేరంగా మారింది. తెచ్చిన గుడ్డను కంపెనీవాడే తరగతులుగా విడదీస్తాడు. మొదటి తరగతి అనుకుని నేసినది మూడవ తరగతిలో పడుతుంది. పనికిరాదని తోసివేసిన గుడ్డను బయట అమ్ముకుందామంటే బయానా బాకీ అడ్డు. గడువు దాటితే ఇంటి ముంగిట బంట్రోతు కూర్చుంటాడు. అతని బత్తా కూడా నేతగాడే ఇచ్చుకోవాలి! బియ్యం ధర పెరిగిన సంవత్సరంలో గుడ్డ ధర పెరగదు. అప్పుడు బయానా సొమ్ము నూలుకు పోకుండా వంటకు పోతుంది. నూలు లేదు కనుక గుడ్డ లేదు. గుడ్డ లేదు కనుక బాకీ. బాకీ వుంది కనుక మళ్ళీ అదే కంపెనీకి అదే ధరకు నేయాలి. మగ్గం, ఇల్లు, పనితనం అన్నీ తనవే అయినా ఆ మనిషి స్వతంత్రుడు కాడు. రేవులో మా కుర్రవాడి చేతిలోని కాగితం చూసినప్పుడు నాకు స్ఫురించినది ఇదే. మానుకునే హక్కుకు వెల కట్టారు. ఆ వెల అతను చెల్లించలేనంతగా వుండేలా చూసుకున్నారు.

1787 మే నెలలో గాలివాన, ఉప్పెన కోరంగినీ ఇంజరం తీరాన్నీ ముంచెత్తాయి. ఇలాంటి ఏడు మగ్గపుగుంటలో నీళ్ళు నిలిచి, నూలు కుళ్ళి, మనుషులే పోయిన చోట “బాకీ” అనే మాటకు అర్థం ఏమి వుంటుంది? అయినా పద్దులలో బాకీ బాకీగానే వుంటుంది.

నేతగాళ్ళు వూరుకోలేదు. 1798లో గోదావరి ప్రాంతంలో పెద్ద అలజడి రేగింది. తిరిగి 1816, 1817 సంవత్సరాలలో విశాఖపట్టణం, గోదావరి మండలాలలో తిరగబడ్డారు. పి. స్వర్ణలత ఈ తిరుగుబాట్లను ప్రభుత్వ రికార్డులనుంచి తవ్వితీసి మనకు ఎంతో ఉపకారం చేశారు. తాటాకు లేఖలు వూరినుంచి వూరికి నడిచాయి. మగ్గాలు ఆగాయి. గుమాస్తాల దౌర్జన్యాలను ఏకరువు పెడుతూ అర్జీలు వెళ్ళాయి. ఈ పోరాటాలను ఆధునిక కార్మికోద్యమంగా చెప్పబోతే అతిశయోక్తి అవుతుంది. కులకట్టు ఆధారంగా నిలిచిన పోరాటాలవి. కులపెద్దలలో కొందరు కుంఫిణీవైపు జారిపోయారు కూడాను. కాని ఒక విషయం గమనించాలి. ఆ నేతగాళ్ళు కంపెనీ పని వద్దనలేదు. ధర సరిగా కట్టమన్నారు, గుడ్డను న్యాయంగా తరగతి చేయమన్నారు, గుమాస్తాను తప్పించమన్నారు, తమకు తోచిన చోట నేసుకోనిమ్మన్నారు. “కంపెనీ మంచిదా చెడ్డదా” అని వారు తర్కించుకోలేదు. ఏ షరతులమీద పనిచేయాలి అన్నదే వారి తగవు.

ఇంత బాధ పెట్టిన కుంఫిణీ చివరకు ఏమి చేసింది? వెళ్ళిపోయింది. 1813 చార్టరుతో దాని వర్తక గుత్తాధిపత్యం పోయింది. లంకాషైరు మిల్లు గుడ్డ చౌకగా దిగుతూంటే ఇంజరం గుడ్డతో దానికి పని లేకపోయింది. 1829లో ఇంజరం వర్తకస్థానాన్ని ఎత్తివేశారు. 1833 చార్టరుతో కంపెనీ వర్తకమే మానుకుని పరిపాలన మాత్రం వుంచుకుంది. పన్నుకోసం వచ్చే కుంఫిణీ వుంది, గుడ్డ కొనే కుంఫిణీ లేదు. అంతకుముందే డచ్చివారినీ ఫ్రెంచివారినీ స్వదేశీ వర్తకులనూ అదే తరిమివేసింది గనుక, నేతగాడు గుడ్డ పట్టుకుని పోవడానికి మరొక గడప మిగలలేదు. దానివెంటనే 1832-33 నందననామ సంవత్సరపు కరువు, 1839లో కోరంగిని తుడిచిపెట్టిన ఉప్పెన. రాజమహేంద్రవరం జిల్లా జనాభా 1821లో 7,38,308. 1841 నాటికి 5,61,041. ఇరవై ఏళ్ళలో లక్షా డెబ్బైయేడు వేలమంది తగ్గారు. ఈ తరుగుదలకు కరువులు, వలసలు, వర్షాధారపు సేద్యం, జమీందారీ పాలన అన్నీ కారణాలే. కాని మగ్గం ఆగినవాడికి కరువునాడు చేతిలో రూక లేకపోవడం ఆ కారణాలలో చిన్నదేమీ కాదు.

ధవళేశ్వరం ఆనకట్ట కట్టినది ఆ తర్వాతనే, 1847-52 మధ్య. కాటను విగ్రహం లేని వూరు డెల్టాలో వెతకాలి. నేతగాళ్ళకు ఎక్కడా విగ్రహం లేదు. ఆనకట్ట గొప్పదనాన్ని తగ్గించడానికి కాదు ఈ మాట చెప్పడం. ఒకే కంపెనీ ప్రభుత్వం చేసిన రెండు పనులలో ఒకటి మనకు జ్ఞాపకం వుండి, రెండవది లేకపోవడం చిత్రంగా వుంటుంది.

గుడ్డలు ఎగుమతి అయిన కోరంగి రేవునుంచే 1830లు మొదలుకుని మనుషులు ఎగుమతి కాసాగారు. మారిషస్ చెరకుతోటలకు, తర్వాత బర్మాకు పోయారు. రంగూనులో తెలుగువాడి పేరే “కోరంగీ” అయింది. పోయినవారంతా నేతగాళ్ళ సంతానం కాదు. ఎక్కువమంది భూమిలేని కూలీలు. కాని బయానా మాత్రం పాతదే. మేస్త్రీ వూరికి వచ్చి ఓడ ఖర్చు, ఇంటి ఖర్చు ముందుగా ఇస్తాడు; ఆ బాకీ తీరేవరకూ కూలీ మేస్త్రీ చేతిలోనివాడు. పెద్ద పెద్ద ఓడ కంపెనీలకూ, బియ్యపు మిల్లులకూ అతను పనిచేసినా, కంపెనీకి అతనెవరో తెలియదు. 1930 మే నెలలో రంగూను రేవులో తెలుగు కూలీలు జీతం పెంచమని సమ్మె కట్టారు. యజమానులు బర్మీయులను పనిలో పెట్టుకున్నారు. బేరం కుదిరి తెలుగువారు తిరిగి పనిలోకి వచ్చిన మే 26న, వెళ్ళగొట్టబడిన బర్మీయ కూలీలకూ వారికీ మధ్య ఘర్షణ మొదలై దొమ్మీలుగా మారింది. వందమందికి పైగా హతులయ్యారు, అత్యధికులు భారతీయ కూలీలు. సమ్మెకు విరుగుడుగా బర్మీయులను తెచ్చినదీ, అవసరం తీరగానే వారిని వీధిలోకి నెట్టినదీ యజమానులే. రక్తం చిందించుకున్నది ఇద్దరు బీదవాళ్ళు.

స్వాతంత్ర్యానంతరం కథ మరొక దారి పట్టింది. 1956లో ఏర్పడిన చమురు, సహజవాయు సంస్థ మన డెల్టాలో బావులు తవ్వింది. ప్రభుత్వరంగ సంస్థ కనుక రిజర్వేషన్లు వచ్చాయి, పింఛను వచ్చింది, యూనియను వచ్చింది. పాలేరు కొడుకు పొలంగట్టు వదిలి ఆపరేటరు అయ్యాడంటే దానివల్లనే. వేలమందిని ఒకచోట చేర్చే పెద్ద సంస్థలోనే కార్మికుడికి సంఘం కట్టుకునే అవకాశం ఎక్కువ. చెదురుమదురు మగ్గాలమధ్య తాటాకు లేఖ చేయగలిగినదానికంటే ఒక గేటుముందు సమావేశం ఎక్కువ చేయగలదు. ఇదీ లాభాల ఖాతాలో రాయవలసిన విషయమే.

అయితే ఖాతా రెండవవైపు కూడా వుంది. 1995 జనవరి 8న పాశర్లపూడి బావి అంటుకుని 65 రోజులు మండింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున అదే మామిడికుదురు మండలంలోని నగరంలో గ్యాసు గొట్టం పేలి, ఇరవైమందికి పైగా మరణించారు. అక్కడ పోయినవారు చాలామటుకు కంపెనీ ఉద్యోగులు కారు. గొట్టానికి దగ్గరగా కాపురం వుండడమే వారు చేసినది. నూలు వొడికిన ఆడదానివలె వీరి పేరు కూడా జీతాల పట్టీలో లేదు.

ఇంజరం ఇప్పుడు తాళ్ళరేవు మండలంలో వుంది. అదే మండలంలోని గాడిమొగకు 2009లో సముద్రగర్భంనుంచి గ్యాసు చేరింది. దేశంలోకెల్లా పెద్ద ప్రైవేటు కంపెనీలలో ఒకటి అక్కడ వున్నది. పక్కనే యానాంలో 2012 జనవరి 27న ఒక పింగాణీ ఫ్యాక్టరీలో కార్మిక నాయకుడొకడు పోలీసు లాఠీచార్జిలో మరణించాడు. ఆగ్రహించిన జనం చేతిలో కంపెనీ అధ్యక్షుడు ప్రాణం పోగొట్టుకున్నాడు. ఫ్యాక్టరీ ఏళ్ళ తరబడి మూతబడింది. ఆ తగవులో ఒక ముఖ్యమైన కోరిక, తాత్కాలిక కార్మికులను పర్మనెంటు చేయాలని. కాంట్రాక్టు కార్మికుల చట్టం 1970లోనే వచ్చింది. అయినా నేడు పెద్ద కంపెనీలో పనిచేసేవారిలో ఎంతోమంది కంపెనీవారు కారు, కాంట్రాక్టరువారు.

ఆ మధ్య తాళ్ళరేవు వైపు పోతూ ఒక గేటుముందు టీకొట్టులో ఆగాను. యూనిఫారం తొడుక్కున్న కుర్రవాడొకడు పక్కన కూర్చున్నాడు. “ఏ కంపెనీ బాబూ?” అంటే గేటుమీది బోర్డు చూపించాడు. జీతం ఎవరు ఇస్తారంటే మరెవరిదో పేరు చెప్పాడు. ఆ పేరుగలవాడిని అతను ఎన్నడూ చూడలేదట. 1798లో ఇంజరం నేతగాడికి ధర ఎంత తగ్గించినా, బాకీ ఎంత రాసినా, కుంఫిణీ పద్దులో అతని పేరు వుండేది. దొరగారి పేరు అతనికి తెలుసు, అర్జీ ఎవరిమీద పెట్టాలో తెలుసు. ఈ కుర్రవాడు మెడలో వేసుకున్న కార్డు తిప్పి చూపించాడు. వెనకవైపు కాంట్రాక్టరు టెలిఫోను నెంబరు వుంది; అది ఇప్పుడు పనిచేయడం లేదన్నాడు.